మూసేసిన అణు కేంద్రం తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి, బీఎస్సీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "పెద్దగట్టు, లంబాపూర్‌లలో యురేనియం తవ్వొద్దని మా ఇంట్లో పెద్దవాళ్ళు పోరాడారు. అణు విద్యుత్ కేంద్రాన్ని మూసేశాక ఆ స్థలం వేల ఏళ్ళపాటు మనుషులు అడుగుపెట్టలేనిదిగా మిగిలిపోతుందా? ఆ చెత్తనంతా తెచ్చి మన నల్లగొండ గుట్టల్లో పాతిపెడతారని ఊళ్ళో అంటున్నారు, నిజమేనా సార్? ఇలాంటి కేంద్రాలను విప్పే పనిలో మాలాంటి వాళ్ళకు ఉద్యోగాలు ఉంటాయా?"

అమ్మా, నా ఉద్యోగ జీవితమంతా అణు విద్యుత్ కేంద్రాల్లో, హెల్త్ ఫిజిక్స్ విభాగంలో గడిచింది. లోపలికి వెళ్ళే మనిషికి ఎంత రేడియేషన్ డోసు పడుతోందో కొలవడం, ఇక చాలు బయటికి రమ్మని చెప్పడం మా పని. ఆ పని చేసేవాళ్ళను లోపల ఎవరూ పెద్దగా ఇష్టపడరు, పని ఆపించేది వాళ్ళే కాబట్టి. రిటైరయ్యాక మిర్యాలగూడలో స్థిరపడ్డాను. కాబట్టి మీరడిగిన గుట్టలూ తెలుసు, ఆ కేంద్రాల లోపలి గదులూ తెలుసు.

ముందు సూటిగా ఒక మాట. మూసేసిన కేంద్రం స్థలాన్ని శుభ్రం చేయడం సాధ్యమే, చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. నన్నడిగితే అక్కడ అసలు చిక్కు రేడియేషన్ కంటే కాపలాతో, డబ్బుతో, కాగితాలతో వస్తుంది. ఎందుకో వివరంగా చెబుతాను.

ప్లుటోనియం-239 అర్ధాయువు (అందులో సగం విచ్ఛిన్నమవడానికి పట్టే కాలం) 24,100 సంవత్సరాలని చదివి, అంతకాలం ఆ ఆవరణలో ఎవరూ తిరగకూడదేమోనని చాలామంది అనుకుంటారు. ప్లుటోనియం ఉండేది వాడిన ఇంధనంలో. కేంద్రాన్ని శాశ్వతంగా ఆపగానే ఆ ఇంధనాన్ని రియాక్టర్ నుంచి తీసి నీళ్ళ కొలనులోకి మారుస్తారు. దానితోపాటే రియాక్టర్‌లోని రేడియోధార్మికతలో దాదాపు 99 శాతం బయటికి వచ్చేస్తుంది. మిగిలినదానిలో చాలా భాగం రియాక్టర్ పాత్రలోనూ, దాని లోపలి ఉక్కు భాగాల్లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న కాంక్రీటు పొరల్లోనూ ఉంటుంది. ఏళ్ళ తరబడి న్యూట్రాన్లు తగిలి ఉక్కులో కొద్దిగా ఉండే కోబాల్టు కాస్తా కోబాల్ట్-60 అవుతుంది. విప్పే పనికి దిగే కార్మికుడికి శత్రువు ఇదే. ఆఫీసులు, గోదాములు, పంపు హౌసులు మామూలు కట్టడాలే. మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల రియాక్టర్లలో టర్బైన్‌కు వెళ్ళే ఆవిరి రియాక్టర్ లోపలికి పోదు కాబట్టి టర్బైన్ హాలు కూడా దాదాపు శుభ్రంగానే ఉంటుంది. తారాపూర్‌లో 1969లో మొదలైన మొదటి రెండు యూనిట్లలో మాత్రం నీరు రియాక్టర్‌లోనే మరిగి, ఆ ఆవిరే నేరుగా టర్బైన్‌కు వెళ్తుంది. అలాంటి చోట టర్బైన్‌ను కూడా అంగుళం అంగుళం కొలవాలి.

అర్ధాయువు గురించి ఒక తిరకాసు ఉంది. అది ఎంత పెద్దదైతే, సెకనుకు విచ్ఛిన్నమయ్యే పరమాణువులు అంత తక్కువ. దగ్గర నిలబడ్డ మనిషికి పెద్ద డోసు ఇచ్చేవి చిన్న అర్ధాయువు ఉన్నవే. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్ళు. 50 ఏళ్ళు ఆగితే అది 700వ వంతుకు పడిపోతుంది. అందుకే మూసేసిన ప్రతి కేంద్రం దగ్గరా ఒకటే వాదన నడుస్తుంది: ఇప్పుడే విప్పేద్దామా, తాళం వేసి రెండు తరాలు ఆగుదామా?

ఇప్పుడే విప్పేసిన వాళ్ళకు అమెరికాలోని మెయిన్ యాంకీ కేంద్రం మంచి ఉదాహరణ. మెయిన్ రాష్ట్రంలో విస్కాసెట్ అనే చిన్న ఊరి దగ్గర, సుమారు 900 మెగావాట్లు. 1972లో మొదలైంది, 1996 డిసెంబరులో ఆగింది, మరుసటి ఏడు శాశ్వతంగా మూసేస్తున్నామని ప్రకటించారు. రియాక్టర్ పాత్రను తీసి పంపేశారు, కాంక్రీటును రైళ్ళలో తరలించారు, 2004లో గుమ్మటాన్ని పేల్చి కూల్చారు, 2005 నాటికి పని ముగిసింది. ఖర్చు 50 కోట్ల డాలర్లకు పైనే. స్థలంలో చాలా భాగాన్ని నియంత్రణ సంస్థ కొలిచి, షరతులు లేకుండా వదిలేసింది. ఇంతవరకు వింటే కథ సుఖాంతమే. కానీ ఇప్పుడు అక్కడికి వెళితే చుట్టూ కంచె, కెమెరాలు, తుపాకులు పట్టుకున్న కాపలాదారులు కనిపిస్తారు. వాళ్ళు కాస్తున్నది 64 కాంక్రీటు పీపాలను. వాటిలో 60 వాడిన ఇంధనంతో, 4 రియాక్టర్ లోపలి అతి రేడియోధార్మిక లోహంతో నిండి ఉన్నాయి.

అవి అక్కడ ఎందుకు ఉండిపోయాయంటే, తీసుకుపోతానన్నవాడు రాలేదు. 1998 నుంచి ఇంధనాన్ని తీసుకుంటామని అమెరికా ప్రభుత్వం కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. దాన్ని పాతిపెట్టడానికి నెవాడాలోని యుక్కా పర్వతాన్ని 1987లో చట్టం చేసి మరీ ఎంచుకుంది. ఆ రాష్ట్రం ససేమిరా అంది, చివరికి నిధులు ఆగిపోయాయి. పీపాలు విస్కాసెట్‌లోనే ఉన్నాయి. ఏటా సుమారు కోటి డాలర్లు కాపలాకే పోతున్నాయి. కంపెనీ కోర్టుకెక్కి, మాట తప్పినందుకు ప్రభుత్వం నుంచి పరిహారం రాబట్టుకుంటోంది. విద్యుత్తు ఒక్క యూనిట్ కూడా రాదు, బిల్లు మాత్రం ఆగదు. ఊరి సంగతి మరో విషాదం. పన్నుల ఆదాయంలో సింహభాగం ఆ ఒక్క కేంద్రం నుంచే వచ్చేది. అది ఆగాక బడి దగ్గర నుంచి రోడ్డు దాకా ఖర్చులన్నీ ఊరివాళ్ళ నెత్తిన పడ్డాయి. ఒక్క యజమాని మీద బతికే ఊరికి ఆ యజమాని పోయాక ఏమవుతుందో సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన మన ఊళ్ళవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

రెండో దారి బ్రిటన్ పట్టింది. అక్కడ మాగ్నాక్స్ అనే పాత రకం కేంద్రాల గుండె గ్రాఫైట్ దిమ్మెలతో కట్టింది. ఆ గ్రాఫైట్‌లో కార్బన్-14 పేరుకుంటుంది, దాని అర్ధాయువు 5,730 ఏళ్ళు. వేల టన్నుల గ్రాఫైట్‌ను ఎక్కడ పెట్టాలో తేలక, రియాక్టర్ భవనానికి రేకుల తొడుగు వేసి, తాళం పెట్టి, 2080ల దాకా ఆగుదామని లెక్క వేసుకున్నారు. 2002లో ఆగిన బ్రాడ్‌వెల్ ఆ నిద్రావస్థలోకి వెళ్ళిన మొదటి కేంద్రం. అందుకు సిద్ధం చేయడానికే దాదాపు 16 ఏళ్ళు పట్టింది. తర్వాత బ్రిటన్ వాళ్ళే కొంత మనసు మార్చుకున్నారు. వేల్స్‌లోని ట్రాస్‌వినిద్ కేంద్రాన్ని అంతకాలం ఆగకుండా ముందుగానే విప్పుదామని నిర్ణయించారు. ఆగితే కోబాల్టు తగ్గుతుంది నిజమే, కానీ కట్టడం పాతబడుతుంది, దాన్ని నడిపిన మనుషులు పోతారు.

ఈ చివరి ముక్క దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే పుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యం కేటాయించి వెళ్ళిపోతారు. నేను పనిచేసిన ఒక కేంద్రంలో (పేరు అనవసరం) పాత పైపులైను ఒకటి తీసేయాలి. డ్రాయింగు ప్రకారం ఆ గోడ వెనక ఒక్కటే పైపు ఉండాలి. కొలిచే పరికరం మాత్రం డ్రాయింగులో లేని చోట కూడా ఎక్కువ చూపిస్తోంది. రోజుల తరబడి తర్జనభర్జన పడ్డాక, అప్పటికే రిటైరైన ఒక ఫిట్టర్‌ను కబురుపెట్టి పిలిపించారు. ఆయన గోడ చూసి, కమిషనింగ్ (కేంద్రాన్ని మొదటిసారి నడిపి చూసే) రోజుల్లో తాత్కాలికంగా ఒక డ్రెయిన్ లైను వేశామని, దాన్ని కాగితం మీదకు ఎక్కించడం మరిచిపోయారని చెప్పాడు. ఆయన బతికుండబట్టి పని సాగింది. 60 ఏళ్ళు తాళం వేసి ఉంచాక ఆ గోడ ముందుకు వచ్చే ఇంజినీరుకు ఆ సంగతి చెప్పేదెవరు? పాత కాలపు నిల్వ గోతుల్లో, కొలనుల్లో ఏ చెత్త ఎంత పడిందో సరైన రికార్డులు లేకపోవడమే బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ అనే పాత అణు ఆవరణలో పని అంత మెల్లగా సాగడానికి ఒక పెద్ద కారణం. ఆ ఒక్క ఆవరణను శుభ్రం చేయడానికి 2125 దాకా 13,600 కోట్ల పౌండ్లు అవుతుందని అక్కడి ఆడిట్ కార్యాలయం 2024లో లెక్క చెప్పింది. అక్కడే 1956లో ప్రపంచంలో తొలి వాణిజ్య స్థాయి అణు విద్యుత్ కేంద్రం కాల్డర్ హాల్‌ను ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. 2003లో దాన్ని మూసేసి, 2007లో కూలింగ్ టవర్లు కూల్చారు. టవర్లు కూలిన ఫొటోలు చూసి పని అయిపోయిందనుకున్నవాళ్ళు ఉన్నారు.

మన దగ్గర కూడా అలాగే అనుకుంటారు. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కొన్ని క్షణాల్లో పేల్చి పడేశారు, వీడియో మీరూ చూసే ఉంటారు. థర్మల్ కేంద్రానికి అక్కడితో చాలా వరకు అయిపోయినట్టే, బూడిద చెరువు తప్ప. అణు కేంద్రంలో కూలింగ్ టవరుకు రియాక్టర్‌తో సంబంధమే ఉండదు, అది కేవలం నీళ్ళు చల్లార్చే కట్టడం. కెమెరాలకు అందంగా కనిపించేది అదే, పనిలో లెక్కకు రానిదీ అదే.

ఒక చిన్న పక్కదారి. ఆస్ట్రియాలో త్స్వెంటెన్‌డోర్ఫ్ అనే కేంద్రం ఉంది. పూర్తిగా కట్టారు, ఇంధనం మండించే ముందు 1978 నవంబరులో ప్రజల ఓటు పెట్టారు. 50.47 శాతం మంది వద్దన్నారు. అంతే, ఒక్క రోజు కూడా నడవలేదు. ఇప్పుడు జర్మనీలో రియాక్టర్లు విప్పాల్సిన సిబ్బంది అక్కడికి వచ్చి శిక్షణ తీసుకుంటారు, డోసు భయం లేకుండా లోపలంతా తిరగవచ్చు కాబట్టి. ఖర్చు పెట్టి కట్టి వాడని కేంద్రానికి దొరికిన ఉపయోగం అది. జర్మనీలో చివరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆగాయి. అక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. విప్పే బాధ్యత కంపెనీలకే వదిలారు, చెత్తను దాచే బాధ్యతను మాత్రం ప్రభుత్వం తీసుకుని, దానికోసం కంపెనీల నుంచి 2017లో సుమారు 2,400 కోట్ల యూరోలు ముందే గుంజి ఒక నిధిలో వేసింది. కంపెనీ దివాళా తీసినా ఆ డబ్బు ఉంటుంది. సరిపోతుందా లేదా అన్నది వేరే గొడవ.

ఇక మన దేశం. రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో మొదటి యూనిట్ కెనడా సహకారంతో 1973లో మొదలైంది. 1974లో పోఖ్రాన్ అణు పరీక్ష జరగ్గానే కెనడా వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత ఎండ్ షీల్డ్‌లో (రియాక్టర్ చివర రేడియేషన్‌ను అడ్డుకునే కవచంలో) పగుళ్ళు వచ్చాయి, సామర్థ్యం 100 మెగావాట్లకు తగ్గించారు, 2004 అక్టోబరులో ఆపేశారు, ఇంధనం తీసేశారు. అప్పటి నుంచి అది అలాగే నిలబడి ఉంది. ఒక పెద్ద విద్యుత్ రియాక్టర్‌ను మొదలు నుంచి చివరి దాకా విప్పిన అనుభవం మనకు ఇంకా లేదు. పక్కనే వేరే యూనిట్లు నడుస్తుండటంతో కాపలా, సిబ్బంది, క్యాంటీన్ అన్నీ వాటి ఖాతాలో సర్దుకుపోతాయి. అందుకే తొందర కనిపించదు. అన్ని యూనిట్లూ ఆగిన రోజున అసలు లెక్క బయటపడుతుంది.

అయితే మనకు చేతకాదని కూడా అనను. 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌లో 306 కూలెంట్ ఛానళ్ళు (ఇంధన కట్టలు ఉండే గొట్టాలు) ఉంటాయి. వాటన్నిటినీ బయటికి లాగి కొత్తవి వేసే పని రావత్‌భాటా రెండో యూనిట్‌తో మొదలుపెట్టి, కల్పాక్కంతో సహా పలుచోట్ల మనవాళ్ళే చేశారు. విప్పే పనిలో అతి కష్టమైన భాగంలో సగం అదే. అక్కడ పనిచేసినవాళ్ళకు వచ్చిన పనితనం ఏ మాన్యువల్‌లోనూ దొరకదు.

డబ్బు సంగతి చూద్దాం. అణు విద్యుత్తు అమ్మే ప్రతి యూనిట్ మీద 2 పైసలు డీకమిషనింగ్ (మూసేసి విప్పే పని) నిధికి పక్కన పెడతారు. కాగితం తీసుకుని లెక్క వేయండి. 220 మెగావాట్ల యూనిట్ 80 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏటా సుమారు 154 కోట్ల యూనిట్లు. రెండు పైసల చొప్పున 3 కోట్ల రూపాయలు. 40 ఏళ్ళకు వడ్డీ కాకుండా 123 కోట్లు. మెయిన్ యాంకీ ఖర్చు 50 కోట్ల డాలర్లని పైన చెప్పాను. అది నాలుగు రెట్లు పెద్దది, అక్కడి కూలీ రేట్లు వేరు, చట్టాలు వేరు. ఎంత తగ్గించుకున్నా, వడ్డీ ఎంత కలిసినా, రెండు పైసలు చాలవని నా అభిప్రాయం. ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఇదే అనేవాడిని. ప్రభుత్వమే యజమాని కాబట్టి తక్కువపడితే ఖజానా నుంచి ఇస్తారులే అనేవారు. ఇస్తారు, నిజమే. అంటే ఆ కరెంటు వాడుకోని మీ పిల్లలు కడతారు.

విప్పాక వచ్చే తక్కువ రేడియోధార్మికత ఉన్న చెత్తను మన పద్ధతిలో ఎక్కడికో తీసుకుపోరు. ఆ కేంద్రం ఆవరణలోనే కాంక్రీటు కందకాల్లో, కాస్త ఎక్కువ ఉన్నదాన్ని టైల్ హోల్స్ అనే లోతైన గొట్టపు గుంతల్లో వేసి మూసేస్తారు. దానిమీద నిఘా 300 ఏళ్ళు ఉండాలన్నది లెక్క. ఎందుకు 300? సీజియం-137, స్ట్రాన్షియం-90ల అర్ధాయువు 30 ఏళ్ళు అటూ ఇటూగా ఉంటుంది. పది అర్ధాయువులు గడిస్తే వెయ్యో వంతు మిగులుతుంది. భౌతిక శాస్త్రం ప్రకారం చక్కని లెక్క.

అదే లెక్కను మన నేల మీద నిలబడి చూడండి. 300 ఏళ్ళ క్రితం అంటే నిజాం-ఉల్-ముల్క్ దక్కన్‌లో ఆసఫ్‌జాహీ పాలన మొదలుపెట్టిన రోజులు, 1724. అప్పటి నుంచి నిజాములు పోయారు, 1948 వచ్చింది, హైదరాబాద్ రాష్ట్రం వచ్చి పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, ఆ తర్వాత నారాయణపేట. భూమి కాగితాలు సేత్వార్ నుంచి 1954–55 ఖాస్రా పహాణీకి, అక్కడి నుంచి ధరణికి, ఇప్పుడు భూభారతికి మారాయి. ఒక్కో మార్పులో ఎందరి సర్వే నంబర్లు గల్లంతయ్యాయో, ఎందరు రైతులు తహసీల్దార్ కార్యాలయం మెట్లు ఎక్కి దిగారో మీ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. మనిషికి ప్రాణంకన్నా ఎక్కువైన భూమి రికార్డునే డెబ్బై ఏళ్ళు పొరపాటు లేకుండా నిలుపుకోలేకపోయాం. ఎవరికీ ఆదాయం ఇవ్వని ఒక కందకం రికార్డును 300 ఏళ్ళు జాగ్రత్తగా దాచే కార్యాలయం ఏది? ఈ ప్రశ్నకు ఇంజినీరింగ్‌లో జవాబు లేదు. అణు వ్యతిరేకులు, అనుకూలురు ఇద్దరూ డోసును కొలిచే మైక్రోసీవర్ట్‌ల గురించి కొట్టుకుంటారు కానీ దీని గురించి మాట్లాడరు.

ఇప్పుడు మీ ఊళ్ళో తిరుగుతున్న మాట, నల్లగొండ గుట్టల్లో పాతిపెడతారన్నది. అలాంటి ప్రకటన ఏదీ లేదు. భారతదేశంలో అతి రేడియోధార్మిక వ్యర్థాలకు భూగర్భ నిల్వ స్థలాన్ని ఇంకా ఖరారు చేయలేదు. మన పద్ధతిలో వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసి, పనికొచ్చే యురేనియం, ప్లుటోనియం తీసుకుని, మిగిలిన అతి రేడియోధార్మిక ద్రవాన్ని గాజులో కలిపి, ఉక్కు డబ్బాల్లో పోసి గట్టిపరుస్తారు. వాటిని కొన్ని దశాబ్దాలు చల్లారనివ్వాలి. అందుకని భూగర్భ నిల్వకు ఇప్పుడే తొందర లేదంటారు. కోలార్ బంగారు గనుల్లో చాలా లోతున రాయిని వేడిచేసి అది ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించిన మాట నిజం. అక్కడ వ్యర్థాలేమీ పెట్టలేదు.

గ్రానైట్ పేరు ఎందుకు వినపడుతుందంటే, ఫిన్లాండ్ వాళ్ళు ఓల్కిలువోటో దగ్గర ఓంకాలో పేరుతో 400 మీటర్లకు పైగా లోతున, దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాటి గట్టి రాతిలో సొరంగాలు తవ్వారు. ఇంధనాన్ని రాగి డబ్బాల్లో పెట్టి, చుట్టూ బెంటొనైట్ మట్టి కూరి మూసేయాలన్నది పద్ధతి. ఆ మట్టి తడి తగలగానే ఉబ్బి సందులు పూడుస్తుంది. మన రాయి వయసు ఇంకా ఎక్కువ, ఇక్కడ పెద్ద భూకంపాలు అరుదు. కాబట్టి పటం చూసిన ఎవరికైనా దక్కన్ మీద చూపు పడుతుంది. కానీ బోరు వేయించిన ప్రతి రైతుకూ ఒక సంగతి తెలుసు: ఒక చోట 200 అడుగులకే నీళ్ళు పడతాయి, పది గజాల అవతల 600 అడుగులు దిగినా తెల్ల దుమ్మే లేస్తుంది. రాయి గట్టిదే, నీరు నడిచేది దాని పగుళ్ళ వెంట. ఆ పగుళ్ళలో ఆగి ఆగి, రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకున్న నీటినే నల్లగొండలో తరతరాలు తాగి ఎముకలు వంకరపోయాయి. కృష్ణా నీళ్ళు కుళాయిల్లోకి వచ్చేదాకా ఆ బాధ తగ్గలేదు. రాతి నుంచి నీటిలోకి, నీటి నుంచి మనిషిలోకి ఏదైనా ఎలా వస్తుందో ప్రపంచంలో ఎవరికైనా పాఠం చెప్పగల జిల్లా మనది. ఏ శాస్త్రవేత్త అయినా ఇక్కడి రాయి భద్రమని చెప్పడానికి వస్తే, పగుళ్ళ పటం ముందు పెట్టమని అడగండి. గాబోన్ దేశంలోని ఓక్లోలో సుమారు 200 కోట్ల ఏళ్ళ క్రితం యురేనియం ఖనిజంలో సహజంగానే అణు చర్య జరిగింది, అప్పుడు పుట్టిన ప్లుటోనియం పెద్దగా కదలనే లేదు. రాయి దాచగలదనడానికి అది సాక్ష్యమే, ఏ రాయైనా దాస్తుందనడానికి కాదు.

ఫిన్లాండ్ గురించి ఇంకో మాట. అక్కడ ఆ స్థలానికి స్థానిక పంచాయతీ లాంటి యూరాయోకి పురపాలిక ఒప్పుకోవాలి. వద్దంటే అక్కడితో ఆగిపోతుంది, పై ప్రభుత్వం తోసిపుచ్చలేదు. వాళ్ళు ఒప్పుకున్నాకే 2001లో పార్లమెంటు ఆమోదించింది. నెవాడాకు అలాంటి హక్కు దక్కలేదు, వద్దన్నా పైనుంచి కాదన్నారు, ఫలితం మెయిన్ పీపాల దగ్గర కనిపిస్తోంది.

మీ పెద్దవాళ్ళ పోరాటం గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే దానికీ ఈ ప్రశ్నకూ దగ్గరి సంబంధం ఉంది. లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం, కింది గ్రానైట్‌కూ పైన పరిచినట్టున్న శ్రీశైలం క్వార్ట్‌జైట్‌కూ మధ్య పొరలో ఉంది. సాగర్ జలాశయం పక్కనే, హైదరాబాద్‌కు తాగునీరు పంపే అక్కంపల్లి జలాశయం ఎంతో దూరం కాదు. 2003లో బహిరంగ విచారణ జరిగినప్పుడు జనం ముక్తకంఠంతో వద్దన్నారు. తర్వాత నల్లమలలో అమ్రాబాద్ వైపు అన్వేషణ మాట వస్తే 2019 సెప్టెంబరులో శాసనసభే వ్యతిరేక తీర్మానం చేసింది.

ఇక్కడ నా అభిప్రాయం విని మీరు ఆశ్చర్యపోవచ్చు. దీర్ఘకాలం మిగిలేది ఏదని చూస్తే, మూసేసిన రియాక్టర్ కన్నా ఖనిజాన్ని పిండిచేసి యురేనియం తీసే మిల్లే, మూసేశాక ఎక్కువ కాలం మిగులుతుంది. మన ఖనిజం చాలా పేలవం. కడప జిల్లా తుమ్మలపల్లి గనిలో టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా రాదు. మిగతా రాయంతా పిండై టెయిలింగ్స్ చెరువులోకి వెళ్తుంది. యురేనియం తీసేసినా ఖనిజంలోని మొదటి రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని థోరియం-230 అర్ధాయువు సుమారు 75,000 ఏళ్ళు. అది విచ్ఛిన్నమవుతూ రేడియంను, రేడియం రేడాన్ వాయువును ఇస్తూనే ఉంటాయి. తీవ్రత తక్కువే, కానీ లక్షల టన్నులు, ఆరుబయట, వానకూ గాలికీ. అమెరికాలో మోఆబ్ అనే ఊరి దగ్గర మిల్లు 1984లో మూతపడింది. కొలరాడో నది ఒడ్డున సుమారు 1.6 కోట్ల టన్నుల బురద గుట్ట మిగిలింది. దాన్ని 2009 నుంచి రైళ్ళలో ముప్పై మైళ్ళ అవతలికి ఏళ్ళ తరబడి తరలించాల్సి వచ్చింది. అక్కడ కొలరాడో, ఇక్కడ కృష్ణ. రియాక్టర్‌కు కనీసం గోడలు, గేటు, కాపలా ఉంటాయి. టెయిలింగ్స్ చెరువు దగ్గర నాలుగేళ్ళు పోతే గొర్రెలు మేస్తాయి. 1980ల్లో నాగార్జునసాగర్ దగ్గరే అణు విద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన కూడా వచ్చి వ్యతిరేకతతో ఆగిపోయింది. అది కట్టి ఉంటే మరో పది, పదిహేనేళ్ళలో దాని మూసివేత గురించి మీ తరం కూర్చుని మాట్లాడాల్సి వచ్చేది.

నన్ను అణు వ్యతిరేకి అనుకోవద్దు. నా ఇల్లు గడిచింది ఆ జీతంతోనే, బొగ్గు పొగకన్నా అది మేలని ఇప్పటికీ అంటాను. కట్టేముందే మూసివేత ఖర్చు, మూసివేత స్థలం, మూసివేత మనుషులు ఎవరో రాసి పెట్టమని మాత్రమే నా గొడవ.

చివరిగా ఉద్యోగాలు. ఉంటాయి, పెరుగుతాయి కూడా. ప్రపంచంలో చాలా రియాక్టర్లు వయసు మళ్ళినవే. బీఎస్సీ భౌతిక, రసాయన శాస్త్రాలతో మంచి మార్కులుంటే అణు విద్యుత్ సంస్థలో, బార్క్‌లో (భాభా అణు పరిశోధన కేంద్రంలో) స్టైపెండరీ ట్రైనీగా చేరే ప్రకటనలు వస్తుంటాయి, వాటిని గమనించండి. హెల్త్ ఫిజిక్స్ వైపు రావాలంటే ఎమ్మెస్సీ భౌతిక శాస్త్రం చేసి, బార్క్ ఇచ్చే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమాకు రాయండి. ఆసుపత్రుల్లో క్యాన్సర్ చికిత్స విభాగాలకూ అదే దారి, కాబట్టి చదువు వృథా పోదు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధన కట్టలు తయారవుతాయి, అప్రెంటిస్ ప్రకటనలు అక్కడి నుంచీ వస్తాయి. డోసు గురించి ఇంట్లో భయపడితే ఈ లెక్క చూపించండి: ఉద్యోగికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. చేరాక మీ పేరు మీద ఉండే డోసు రికార్డు నకలు ఏటా అడిగి తీసుకుని ఇంట్లో దాచుకోండి. గుత్తేదారు కింద పనిచేసే కూలీలకు ఆ సంగతి ఎవరూ చెప్పరు, వాళ్ళకు కూడా చెప్పండి.